కన్ను కొట్టే కారు

మొన్న వానల్లో మా మిక్సీ ఆగిపోయింది. మా అనడం అలవాటు కొద్దీ. ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే, మిక్సీ కూడా నా ఒక్కదానికోసమే తిరుగుతుంది. వీధి చివర రిపేర్ల షాపతనికి ఫోన్ చేస్తే సాయంత్రం వచ్చాడు. వరండాలో పాత పేపరు పరిచి, మిక్సీని బోర్లించి, స్క్రూలు తీసి, అడుగుమూత ఊడదీసి, లోపల వేలు పెట్టి చూసి, "ఇదేటి మేడమ్, మోటారులో బెల్లంపాకం పోసేరా?" అన్నాడు. నువ్వులుండలు చేద్దామని నువ్వులూ బెల్లమూ కలిపి తిప్పాను. వానాకాలపు బెల్లం కదా, చెమ్మగిల్లి ఎక్కడో సందులోంచి కారి ఉంటుంది. కిరసనాయిలు పెట్టి తుడుస్తానంటూ అతను సంచీలో సీసా వెతకబోయాడు. "కిరసనాయిలుకి పోదు బాబూ, వేడినీళ్ళు కావాలి" అన్నాను. మీకెలా తెలుసన్నట్టు తలెత్తి చూశాడు. చెప్పడం మొదలుపెడితే అతనికి ఇంకో ఇంటికి వెళ్ళే వేళ దాటిపోతుందని ఊరుకుని, నీళ్ళు పెట్టడానికి లోపలికి వెళ్ళాను. నీళ్ళు కాగేలోపు అనకాపల్లి అంతా కళ్ళముందుకి వచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. సెల్‌ఫోన్ ఉన్న మనిషి దాన్ని చొక్కా జేబులో అందరికీ కనపడేట్టు పెట్టుకునేవాడు. నేను అనకాపల్లిలో ఒక స్కూల్లో సోషల్ టీచర్ని. మా మేనత్త మంచాన పడితే సాయానికని వేసవి సెలవుల్లో వాళ్ళింటికి వెళ్ళి, ఆవిడ పోయాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయాను. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ళు కూడా అప్పటికి అడగడం మానేశారు. అత్త భర్తని నేను మావయ్య అనేదాన్ని. ఆయనకి కశింకోట వెళ్ళే రోడ్డు మీద ఆటో ఎలక్ట్రికల్ షాపు. లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, హారన్లు, వైపర్లు, ఏది ఆగిపోయినా అక్కడికి వచ్చేవి. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపుకి అటునుంచి అత్త "టీ!" అని ఒక్క కేక వేస్తే, ఇటు ఎంత గొంతున్న లారీ డ్రైవరైనా మాట ఆపాల్సిందే. ఆవిడ పోయాక టీ గ్లాసు నేను పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టి వచ్చేసేదాన్ని. కేకవేసే హక్కు నాకు లేదనిపించేది.

అత్తని సమాధి చేసిన రోజునుంచి మావయ్య బెల్లం కొట్టిన రాయి అయిపోయాడు. ఏమడిగినా "ఊఁ". ఉప్పు సరిపోయిందా అంటే "ఊఁ", ఆదివారం గుడికి వస్తావా అంటే అదే "ఊఁ", కానీ వచ్చేవాడు కాదు. భోజనానికి ముందు ప్రార్థన ఎప్పుడూ అత్తే చేసేది. ఇప్పుడు ఇద్దరం కంచాల ముందు కళ్ళు మూసుకుని, రెండోవాళ్ళు మొదలుపెడతారేమోనని ఎదురుచూసి, చివరికి ఎవరికి వాళ్ళం లోపల ఆమెన్ అనుకుని తినేవాళ్ళం. అన్నం చల్లారిపోయేది. వచ్చిన లారీలని "వేరే షాపుకెల్లండి" అని పంపేయడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "అమ్మా, షాపు మూసేత్తాను. కోటపాడు ఎల్లిపోతాను. తమ్ముడున్నాడు, ఆ పొలంగట్టు మీద కూకుంటాను" అన్నాడు. కె. కోటపాడులో ఆయన తమ్ముడి ఇల్లు నాకు తెలుసు. మంచివాళ్ళే, అన్నం పెడతారు. కానీ చేతిలో స్క్రూడ్రైవర్ లేకుండా, పెరట్లో ఒక నులక మంచం మీద ఈ మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడని నాకు భయం వేసింది. నా సంగతీ ఆలోచించుకున్నాను, అబద్ధమెందుకు. ఆయన వెళ్ళిపోతే నేను ఒక గది అద్దెకి తీసుకుని, నా "ఊఁ"లు నేనే అనుకుంటూ బతకాలి.

సరిగ్గా ఆ వానాకాలంలో షాపు ముందు ఆ కారు ఆగింది. ఎర్రటి కారు, చాప మీద పడుకున్నట్టు నేలకి అంటుకుపోయి, ఇద్దరు మాత్రమే కూర్చునే కారు. జపానులో తయారై, ఎప్పుడో విశాఖపట్నం రేవులో దిగి, చేతులు మారి మారి ముసలిదై, మా ఊళ్ళో ఒక బెల్లం షావుకారు గారి దగ్గరికి చేరింది. దాని ముందు దీపాలు మామూలు కార్లలా బయటికి కనిపించవు. బోనెట్‌లోకి ముడుచుకుని పడుకుంటాయి. మీట నొక్కితే రెండూ కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. ఇప్పుడు కుడిది లేస్తోంది, ఎడమది లేవడం లేదు. షావుకారు గారు దిగీ దిగకుండానే మొత్తుకున్నారు. "పరువు పోయింది మేస్త్రీ! సాయంత్రం నూకాలమ్మ గుడి దగ్గర ఆడాళ్ళు ఎదురొస్తన్నారు. చీకటి పడిందని లైటు వేసేను. ఇది ఒక కన్ను తెరిచి ఒక కన్ను మూసింది. నా వయసేటి, ఈ వేషాలేటి?" మావయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగి, "కారు కన్ను కొడితే మీరేటి సేత్తారండి" అన్నాడు. తలుపు వెనకున్న నేను చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. అత్త పోయాక మావయ్య నోట విన్న మొదటి చతురోక్తి అది. కానీ వెంటనే, "సరే, ఇదొక్కటీ సేసేసి షాపు మూసేత్తానండి. ఇదే ఆకరి పని" అని కూడా అన్నాడు. షావుకారు గారు ఆ మాటకి తలపాగాలా చుట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు.

షావుకారు గారి గురించి కాస్త చెప్పాలి. ఆయనా పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళకి చేసి, వాళ్ళ పిల్లలకి చేసి, ఆ సందడిలో తన సంగతి మరిచిపోయారని కొందరు, ఇంకేదో కథ ఉందని కొందరు. వ్యాపారం తమ్ముళ్ళ కొడుకులు చూసుకుంటున్నారు. పెదనాన్నగారంటే వాళ్ళకి గౌరవమే, ఏమీ అడగకుండా ఉండేటంత గౌరవం. ఊరంతటికీ బెల్లం అమ్మిన మనిషికి షుగరు వచ్చింది. తీపి లేని టీ తాగుతూ దిమ్మల వాసన చూసి ఇది ఫలానా ఊరి బెల్లమని చెప్పేవారు. ఆ కారు ఎందుకు కొన్నారో ఎవరికీ అర్థం కాలేదు. "పక్క సీట్లో ఎవర్ని కూర్చోబెడతారు?" అని బజారు నవ్వుకుంది. పక్క సీట్లో మార్కెట్ యార్డునుంచి తెచ్చిన బెల్లం దిమ్మ ఒకటి గోనెగుడ్డలో కూర్చుని ఉండేది. దానికి బెల్టు కూడా పెట్టేవారని లారీ డ్రైవర్లు అనేవారు కానీ నేను చూడలేదు.

మావయ్య మోటారు విప్పాడు. ఒక్కో దీపం కింద పిడికిలంత మోటారు ఉంటుంది. ఒక పక్క రాగితీగ చుట్టలు, ఇంకో పక్క డబ్బాలో పళ్ళచక్రాలు. ఆ డబ్బా చివర చిన్న నల్ల రబ్బరు మూత. ఎప్పుడైనా మోటారు మొరాయిస్తే ఆ మూత తీసి, లోపలి బిళ్ళని చేత్తో తిప్పితే దీపం మెల్లగా లేస్తుంది. మావయ్య అది షావుకారు గారికి కూడా చేసి చూపించాడు, దారిలో అవసరం పడితే పనికొస్తుందని. డబ్బా తెరిస్తే పళ్ళ నిండా ముదురు గోధుమరంగు జిగురు గట్టిగా పట్టి ఉంది. "పాత గ్రీజండి. ముదిరిపోయింది" అని తేల్చి కిరసనాయిల్లో నానబెట్టాడు. కరగలేదు. పెట్రోలు పోశాడు, డీజిలు పోశాడు, బ్లేడుతో గీకాడు. బిగిస్తే ఒకసారి లేచి, రెండోసారికి సగంలో ఆగి, ఆ కారు నిద్రమొహంతో చూసేది. మోటారుకి కరెంటు అందించే కార్బన్లు మార్చాడు, రాగి బిళ్ళని ఉప్పుకాగితంతో రుద్దాడు. లారీల వైపర్ మోటార్లు కళ్ళు మూసుకుని బాగుచేసే మనిషి ఈ చిన్న మోటారు ముందు రోజుల తరబడి తల గోక్కుంటూ కూర్చున్నాడు.

ఆ రోజుల తరబడీ, సాయంత్రం అయ్యేసరికి షావుకారు గారు షేర్ ఆటోలో దిగేవారు. పాత బ్యాటరీ పెట్టె తిరగేసి దాని మీద కూర్చునేవారు. మొదట్లో కారు సంగతులే. తర్వాత వాన సంగతులు, చెరకు సంగతులు. ఒకరోజు, "మీ ఆవిడ కేక మా గోడౌను దాకా వినిపించేదయ్యా" అన్నారు. అత్త పేరెత్తితే మావయ్య లేచి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు వెళ్ళలేదు. కాసేపు బ్రష్షుతో చక్రాన్ని రుద్దుతూ ఉండి, "అది కేక కాదండి, సైరను. నాకు వాచీ అక్కర్లేకపోయింది" అన్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కళ్ళు మూసుకున్నప్పుడు, ఎదురుగా మావయ్య గొంతు మెల్లగా ప్రార్థన మొదలుపెట్టింది. తడబడింది, మధ్యలో ఆగింది, అయినా చివరిదాకా చేశాడు. నేను కళ్ళు తెరవలేదు, తెరిస్తే నీళ్ళు కారతాయని.

అసలు సంగతి చీమలు చెప్పాయి. విప్పిన డబ్బాని ఒక రాత్రి వంటింటి గట్టు చివర పేపరు మీద పెట్టి మరిచిపోయాడు. పొద్దున్న నేను టీ పెడదామని వెళ్తే, కిటికీనుంచి గట్టు దాకా ఎర్రచీమల బారు. పంచదార డబ్బాని దాటుకుని, నేరుగా మోటారులోకి. మావయ్యని పిలిచాను. ఆయన వంగి చూసి, "గ్రీజుకి సీమలేటమ్మా?" అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏళ్ళ తరబడి బెల్లం ఊళ్ళో బతికిన మనుషులం, కళ్ళెదురుగా ఉన్నది బెల్లమని గుర్తుపట్టలేకపోయాం. మోటారులో ఉన్నది కాబట్టి గ్రీజే అనుకున్నాం. షావుకారు గారు కారుని గోడౌనులో పెడతారు. పైన అటక మీద దిమ్మలు. వానాకాలం బెల్లం నీరు కారుతుంది. అది బోనెట్ సందులోంచి దిగి మోటారులో పాకం కట్టింది. నేను నీళ్ళు కాచాను. తీగచుట్టలు తడవకుండా పళ్ళ డబ్బాని విడిగా ముంచితే, ఇన్నాళ్ళూ కిరసనాయిలుకి కరగనిది టీ మరిగేంత సేపట్లో కరిగిపోయింది. ఎండలో ఆరబెట్టి, కొత్త గ్రీజు రాసి బిగిస్తే రెండు దీపాలూ జోడుగా లేచాయి. షావుకారు గారు చప్పట్లు కొట్టారు. మావయ్య చెయ్యి తుడుచుకుని, "అయితే ఇంక సెలవండి" అన్నాడు. కారు వెళ్ళిపోయింది. ఆ మర్నాడు మావయ్య నిచ్చెన వేసి షాపు బోర్డు దించి గోడకి బోర్లించాడు. నేను స్కూలుకి వెళ్ళి పిల్లలకి నదుల పేర్లు చెప్పాను. ఏ నది ఎక్కడ పుట్టిందో ఆ రోజు నాకు ఒక్కటీ సరిగ్గా గుర్తుకు రాలేదు.

కోటపాడు ప్రయాణానికి ఆదివారం అనుకున్నాం. శనివారం సాయంత్రం కారు మళ్ళీ వచ్చింది. ఈసారి కుడికన్ను మూసుకుంది. "మళ్ళీ బెల్లం కారింది మేస్త్రీ" అన్నారు షావుకారు గారు. గోడౌనులో పెట్టొద్దని చెప్పాను కదండీ అని మావయ్య అంటే, అవునవును, మరిచిపోయాను అన్నారు. కోటపాడు వాయిదా పడింది. అది అయ్యాక ఎడమది, మళ్ళీ కుడిది. క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. బోర్డు గోడకి బోర్లించే ఉంది కానీ, తలుపు తెరిచి ఉంది కదా అని ఒకటీ అరా లారీ ఆగడం మొదలైంది. తెచ్చిన సెల్ఫ్ మోటారుని మావయ్య వద్దనలేకపోయేవాడు. "ఈ కారు పని తెమలనీ, అప్పుడు ఎల్దాం" అనేవాడు. నాకు ఆ కారు మీద ప్రేమ పుట్టింది. దేవుడా, ఇంకో కన్ను మూయించు తండ్రీ అని ప్రార్థించినదాన్ని నేను. అలాంటి ప్రార్థనలు కూడా వింటాడని అప్పుడే తెలిసింది.

నూకాలమ్మ జాతర రోజులొచ్చాయి. ఎండలు మండిపోతున్నాయి, రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. బెల్లం దిమ్మలు రాళ్ళలా బిగిసి ఉన్నాయి. కత్తి పెడితే కత్తి వంగుతుంది. కారు వచ్చింది. ఎడమకన్ను. మావయ్య బోనెట్ ఎత్తి, మోటారు తీసి, బల్ల మీద పెట్టి, అలా చూస్తూ ఉండిపోయాడు. "అమ్మా, ఇలా రా" అని పిలిచాడు. వెళ్ళాను. మోటారు పైన పొడి దుమ్ము, ఒక్క చుక్క కారిన జాడ లేదు. రబ్బరు మూత శుభ్రంగా, బిగువుగా ఉంది. ఆ మూత తీసి చూపించాడు. లోపల నిండా బంగారు రంగు పాకం. పైనుంచి కారిన బెల్లం మూత తీసుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ మూత పెట్టుకోదు కదా. మావయ్య చిటికెనవేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. "ఒకటో రకమమ్మా" అన్నాడు. "సెడగొట్టడానికి కూడా నాసిరకం ఎయ్యలేదు మారాజు." అని, నవ్వడం మొదలుపెట్టాడు. మొదట గొంతులో, తర్వాత భుజాలు, తర్వాత ఒళ్ళంతా. నవ్వుతూ నవ్వుతూ బల్ల పట్టుకుని కూర్చుని, గ్రీజు చేతులతోనే కళ్ళు తుడుచుకుని, మొహం నల్లగా చేసుకున్నాడు. అది ఎక్కడిదాకా నవ్వో, ఎక్కణ్ణించి ఏడుపో నాకు తెలియలేదు. "నన్ను పోనివ్వడమ్మా ఈయన" అన్నాడు చివరికి.

సాయంత్రం షావుకారు గారు వచ్చి బ్యాటరీ పెట్టె మీద కూర్చున్నారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. "ఏటైంది మేస్త్రీ?" అన్నారు, మొహం ఎటో పెట్టుకుని. మావయ్య మోటారు బిగిస్తూ తల ఎత్తకుండా, "ఏటుందండి, వానకి బెల్లం కారింది" అన్నాడు. బయట ఆకాశం ఇత్తడి పళ్ళెంలా ఉంది. వాన మొహం చూసి నెలలైంది. షావుకారు గారు వీధిలోకి, ఆకాశం వైపుకి ఒకసారి చూశారు. చూసి, "అవునయ్యా, ఈ ఏడు వానలు మరీ ఎక్కువ" అన్నారు. నేను కొంగుతో నోరు నొక్కుకుని నవ్వాను. ఆ ఇద్దరూ నవ్వలేదు. మావయ్య స్క్రూ బిగించి, "ఈ కారుకి శానా పనుందండి. ఇప్పట్లో తెమలదు" అన్నాడు. షావుకారు గారు తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, చాలాసేపు తువ్వాలు దించలేదు. మర్నాడు పొద్దున్న నేను స్కూలుకి వెళ్తుంటే మావయ్య నిచ్చెన మీద ఉన్నాడు, బోర్డు తగిలిస్తూ.

తర్వాత దీపాల ట్రయలు అని ఒక ఆచారం పెట్టుకున్నారు. వారానికోసారి, పొద్దు వాలే వేళకి, ఇద్దరూ కొండకర్ల ఆవ అనే పక్షుల చెరువు దాకా వెళ్ళి రావడం. గోనెగుడ్డలో బెల్లం దిమ్మ సీటు ఖాళీ చేసి మా వంటింట్లోకి వచ్చింది. ఆ సీట్లో మావయ్య. నీటి ఒడ్డున కారు ఆపి, దీపాలు లేపి దించి, లేపి దించి చూసేవారట, పక్షులు కంగారుపడి లేచేవట. ఏం మాట్లాడుకునేవారో నాకెప్పుడూ చెప్పలేదు. కారు కదిలేటప్పుడు నేను షాపు గుమ్మంలో నిలబడేదాన్ని. మలుపు దగ్గర నాకోసం ఒకసారి దీపాలు లేపేవారు. నేను చెయ్యి ఊపి, లోపలికి వచ్చి, లైటు వేసుకుని జవాబు పేపర్లు దిద్దుకునేదాన్ని. వాళ్ళకోసం నాకు చాలా సంతోషంగా ఉండేది, నిజంగానే. కానీ రెండు సీట్ల కారులో మూడో మనిషి ఎక్కడ కూర్చుంటుంది? ఆ ఇంట్లో నేను అంత ఒంటరిగా ఉన్నది ఆ సాయంత్రాల్లోనే.

కొన్నేళ్ళకి షావుకారు గారు నిద్రలోనే పోయారు. తమ్ముళ్ళ కొడుకులు కారుని ఎవరో విశాఖపట్నం ఆసామికి ఇచ్చేశారు. తీసుకెళ్ళే డ్రైవరు పెట్రోలు కోసం మా ఎదుట బంకులో ఆగాడు. మావయ్య రోడ్డు దాటి వెళ్ళి, బోనెట్ మీద చెయ్యి వేసి, "ఒక్కసారి లైట్లు లేపు బాబూ" అన్నాడు. "పట్టపగలు లైటేటి తాతా?" అని విసుక్కుంటూనే అతను మీట నొక్కాడు. రెండూ జోడుగా, అడ్డు లేకుండా లేచాయి. డ్రైవరు వాటిని అలాగే ఉంచుకుని వెళ్ళిపోయాడు. మావయ్య ఆ తర్వాత కూడా షాపు మూయలేదు. కోటపాడు మాట మళ్ళీ ఎత్తలేదు. పోవడానికి వారం ముందు కూడా ఎవరిదో హారను విప్పి ఉంచాడు.

నీళ్ళు కాగాయి. మిక్సీ అతను కడిగి, తుడిచి, ఎండ లేదు కాబట్టి ఫ్యాను కింద ఆరబెట్టి, ఆరేదాకా కూర్చున్నాడు. టీ ఇచ్చాను. వాళ్ళమ్మాయి ఇంటర్ సంగతి, వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పుకొచ్చాడు. ఈ వరండాలో రెండు గొంతులు వినపడి ఎన్నాళ్ళయిందో. మిక్సీ గిర్రున తిరిగింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "ఇంక బెంగ లేదండి మేడమ్, నాలుగైదేళ్ళు దీన్ని సూసుకోనక్కర్లేదు, నాతో పనుండదు" అన్నాడు. అతను మంచిమాటే అన్నాడు. నాకు మాత్రం, నాలుగైదేళ్ళు ఈ గుమ్మంలోకి ఎవరూ రానక్కర్లేదని వినపడింది. తలుపు వేసుకుని వంటింట్లోకి వచ్చాను. గట్టు మీద మిక్సీ, దాని పక్కనే బెల్లం డబ్బా. మూత పెడదామని డబ్బా అందుకుని, పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ ఎండాకాలం సాయంత్రం తలుపు వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విన మనిషిని నేనే; షావుకారు గారి వయసుకి చేరుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.